లావు చిటికెనవేలు

మా ఆవిడ రత్నకుమారి నాతో కాపురం చేసింది ముప్పై నాలుగేళ్లు. అందులో ముప్పై ఒక్క ఏళ్లు ఎముకలతో కూడా చేసింది. పశువైద్య కళాశాలలో ఎముకల గది ఆవిడ రాజ్యం. ఉడకబెట్టి, కడిగి, ఎండబెట్టి, తీగతో కట్టి, గేదె దగ్గర నుంచి గబ్బిలం దాకా అన్నింటినీ మళ్లీ నిలబెట్టింది. చదివింది ఏడో తరగతి. కానీ కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి, ఇది ఏ జంతువు, ఏ కాలు, ఎంత వయసు అని చెబుతుంటే డాక్టర్లు నోట్సు రాసుకునేవారు. "నాతో బాగుందా, వాటితో బాగుందా?" అని ఎప్పుడైనా అడిగితే, "బొక్కలు గురక పెట్టవయ్యా" అంటుంది. ఎముకలంటే ఆవిడ నోట బొక్కలే.

రిటైరయ్యాక కూడా ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ఆవిడకు తీరిక లేదు. ఫలానా హోటల్లో మటన్ పేరుతో ఏం వండారో తేల్చాలన్నా, బావిలో దొరికిన పుర్రె ఎవరిదో చెప్పాలన్నా 'బొక్కల మేడం'కే కబురు. నేను బసవరాజుని, నాచారంలో లేత్ మిషన్ మీద జీవితం అరగదీసుకున్న టర్నర్ని. ఇప్పుడు ఆవిడ స్కూటర్ డ్రైవర్ని. జేబులో వెర్నియర్ కాలిపర్ పెట్టుకోవడం అప్పటి అలవాటు, ఆవిడ వెనక నడవడం ఇప్పటి అలవాటు.

2010 ఆగస్టు, మంగళవారం. ఉదయం పది నలభైకి మేము పోలీస్ స్టేషన్‌లో ఉన్నాం. అంతకు రెండు గంటల ముందు మా గుమ్మంలో సువార్తమ్మ నిలబడి ఏడ్చింది. ఆమె భర్త మోషే, నాచారంలో మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీకి వాచ్‌మన్. ఆ స్థలం అపార్టుమెంట్ల వాళ్లు కొన్నారు. నిన్న పొద్దున జేసీబీ తవ్వుతుంటే తెల్లగుడ్డలో చుట్టిన ఎముకలు బయటపడ్డాయి. సాయంత్రం ఐదింటికి మోషేని అరెస్టు చేశారు. ఈరోజు నాలుగింటికి కోర్టులో పెడతారట. హత్య కేసు.

"మేడం, మీరు మటన్ కేసులు చూసుకోండ్రి. ఇది మర్డర్," అన్నాడు ఎస్సై దయాకర్. ముప్పై కూడా దాటని కుర్రాడు. ఇస్త్రీ చెడని యూనిఫాం. రెండు నెలల క్రితం హోటల్ కేసులో అతను కుక్క అన్నదాన్ని మా ఆవిడ మేక అని తేల్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"చచ్చిందెవరు నాయనా?"

"బాలరాజు. పక్క కంపెనీల ప్యాకింగ్ పని. పోయిన ఏడాది మే పన్నెండు నుంచి మిస్సింగ్. పెండ్లి కాలె, తల్లిదండ్రులు లేరు, కాంట్రాక్టరే కంప్లైంట్ ఇచ్చిండు. ఆఖరిసారి మోషేతోని కలిసి కనపడ్డడు." దయాకర్ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "శవాన్ని తెల్లగుడ్డల చుట్టిన్రు. మీద ఉప్పు పోసిన్రు. కాళ్లు తూర్పుకున్నయి. మోషేవాళ్లు కిరస్తానీలు, మట్టి చేసేది గట్లనే. తల దొరకలె. అంటే నరికి ఇంకో దిక్కు పడేసిండన్నట్టు."

"అంత పద్ధతిగ మట్టి చేసినోడు తల నరికిండా?"

"పాపభీతి మేడం. చంపినంక వచ్చింది."

బల్ల మీద పేపరు పరిచి ఎముకలు పేర్చి ఉన్నాయి. మా ఆవిడ కళ్లద్దాలు తీసి నా చొక్కాకు తుడుచుకుంది. ఆ పనికే నేను వెంట ఉండాలి. చేతి ఎముకల దగ్గర వంగి, కళ్లు మూసుకుని, ఒక్కోదాన్నీ బొటనవేలితో తడిమింది. నాకైతే అచ్చం మనిషి చెయ్యే. ఐదు వేళ్లు, అరచేతి ఎముకలు.

"ఇది ఎవరు పేర్చిన్రు?"

"మన వీధి డాక్టరు గారు. ఎడమ చెయ్యి అన్నడు. ల్యాబుకు సుత పంపుతం, రిపోర్టుకు నెలలు పడ్తది."

"కొలువయ్యా," అంది నాతో. కొలిచాను. ఒక చివరి వేలి అరచేతి ఎముక నడుమ లావు పద్నాలుగు మిల్లీమీటర్లు, అవతలి చివరిది తొమ్మిది. ఆవిడ మిస్సింగ్ ఫైలు అడిగింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ఒక లైను దగ్గర వేలు ఆగింది. నేను తొంగిచూసేలోపు ఫైలు మూసేసింది.

"నేను మోషేతోని మాట్లాడాలె."

"రాత్రంతా అడిగినం. రాయికి మాటలొచ్చినా ఆయనకు రావు."

"ఐదు నిమిషాలు."

మోషేకు అరవై దగ్గర పడుతున్నాయి. లాకప్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మా ఆవిడ కటకటాల బయట నేల మీదే చతికిలబడింది. నేను కూడా కూర్చున్నాను. మోకాళ్లు ఒప్పుకోలేదు గాని, ఆవిడ నేల మీద కూర్చుంటే నేను నిలబడి ఏం చేయను?

"మోషే, అక్కడ ఎవరిని మట్టి చేసినవ్?"

మోషే చొక్కా గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

"చంపినవా?"

తల అడ్డంగా ఊపాడు.

"చంపకపోతే నోరు తెరిచి చెప్పరాదు?"

"అమ్మా, నేను అబద్ధమాడ. నోరు తెరిస్తే నిజమే వస్తది. అందుకే తెరుస్త లేను."

"నిజం చెప్తే నీకేమైతది?"

"నాకేం గాదు," అని ఆగిపోయాడు. లేచి వస్తుంటే మాత్రం వెనక నుంచి, "సువార్త తిన్నదా?" అని అడిగాడు. ఉరికంబం కళ్లముందు ఊగుతుంటే భార్య తిన్నదా అని అడిగిన మనిషి హంతకుడంటే నేను నమ్మను. ఇది సాక్ష్యం కాదని నాకూ తెలుసు.

"దయాకర్, నాలుగింటి లోపల వస్త," అంది మా ఆవిడ.

"రాండ్రి మేడం. మేము మాత్రం ఆగం."

పదకొండున్నరకు ఫ్యాక్టరీ స్థలంలో ఉన్నాం. గేటు పక్కన మోషే గది. వెనకంతా పిచ్చిమొక్కలు, పాత షెడ్లు, ఆ చివర బాయిలర్ గది. మధ్యలో జేసీబీ తవ్విన గొయ్యి, చుట్టూ పోలీసు రిబ్బన్. కాపలా కానిస్టేబుల్ మా ఆవిడను చూసి రిబ్బన్ పైకెత్తాడు. పోయిన నెల అతని కోడిని తిన్నది ముంగిస అని, పక్కింటివాళ్ల పిల్లి కాదని చెప్పి ఒక కొట్లాట ఆపింది లెండి.

"జేసీబీ ఏ దిక్కు నుంచి తవ్వింది?"

"పడమర నుంచి మేడం. మూడు టిప్పర్ల మట్టి పీర్జాదిగూడ పోయినంక బొక్కలు కనపడ్డయి."

"తల పడమరకుంటది, కాళ్లు తూర్పుకుంటయి. ఇగ తలను ఎవరు నరుకుతరు? టిప్పర్ల పోయింది," అంటూ ఆవిడ గోతిలోకి దిగింది. "సువార్తా, పిండి జల్లెడ ఉంటే తే."

రెండు గంటల సేపు మట్టి జల్లించాం. జల్లించింది నేను, చూసింది ఆవిడ. పోలీసులు నిన్న కూలీలతో పెద్ద ఎముకలన్నీ బియ్యం సంచిలోకి ఏరించారు, చిన్నవి మట్టిలోనే వదిలేశారు. ఒకటీ నలభైకి జల్లెడలో టక్కుమని ఏదో పడింది. చిక్కుడుకాయలా వంగి, కొస తేలిన ఎముక. ఆ తర్వాత అలాంటివే మరో మూడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. పెళ్లిలో నేను కట్టిన తాళి చూసుకుని కూడా అంతగా వెలగలేదు.

"ఏందే అవి?"

"చెప్త. జల్లించు."

గోతి అడుగున నలిగిన ప్లాస్టిక్ కవర్లు దొరికాయి. రాళ్ల ఉప్పువి. నీళ్లతో కడిగి ఎండకు పట్టుకుంటే ఒకదాని అంచున అచ్చు వేసిన తేదీ కనపడింది. ప్యాకింగ్: అక్టోబర్ 2009. నాకు వెంటనే వెలిగింది. మే నెలలో చంపినవాడి మీద అక్టోబరులో సంచికెత్తిన ఉప్పు ఎలా పోస్తారు?

"రత్నా! బతికించావు!"

"జర ఆగు. అటు చూడు."

గోతికి యాభై అడుగుల దూరంలో, బాయిలర్ గదికి పోయే దారిలో చెదల పుట్ట ఉంది. సగానికి చీల్చేసి ఉంది. లోపలి మట్టి ఇంకా తడిగానే ఉంది. జేసీబీ పనేమో అనుకున్నాను. కానీ జేసీబీ చక్రాల గుర్తులు అటు వెళ్లనే లేదు. దాని పక్కన ఇంకో పుట్ట కూడా అలాగే ఉంది. మొన్న ఆదివారం రాత్రి వాన కురిసింది. చీలికల్లో వాన కొట్టిన గుర్తే లేదు.

ఆవిడ మోషే గదికి వచ్చి నీళ్లడిగింది. సువార్తమ్మ చెంబు తెచ్చింది. పొయ్యి పక్కన ఇంతెత్తు అల్యూమినియం డేక్సా నిండా రాగిజావ ఉంది. వేడి ఇంకా ఉంది. పక్కన బెల్లం అచ్చులు నాలుగు.

"ఇంట్ల ఎంతమంది సువార్తా?"

"ఇద్దరమే అక్కా. మా కృప నర్సింగు చదువుతుంది, హాస్టల్ల ఉంటది."

"మోషే నిన్నటి నుంచి లాకప్‌ల ఉన్నడు. ఇంత జావ నువ్వొక్కదానివే తాగుతవా?"

సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆవిడ చెంబు కింద పెట్టింది. ఆమె తల మీద చెయ్యి వేసి, "ముందుగాల నువ్వు తిను. మోషే అడిగిండు," అంది. సువార్తమ్మ గోడకు ఒరిగి వెక్కివెక్కి ఏడ్చింది.

రెండూ ముప్పై ఐదుకు మళ్లీ స్టేషన్. దయాకర్ కోర్టు కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు.

"నీ చెయ్యి చాపు," అంది మా ఆవిడ.

"ఎందుకు?"

"చాపు బిడ్డా, కొరుకనులే."

చాపాడు. ఆవిడ అతని బొటనవేలి మొదలు పట్టుకుంది. "మనిషికి ఇది లావు. చిటికెనవేలు సన్నం. ఈ బొక్కల చేతికి చిటికెనవేలు లావు, బొటనవేలు సన్నం. నీ డాక్టరు లావుదాన్ని బొటనవేలనుకుని కుడి చేతిని ఎడమ చెయ్యి చేసిండు. మణికట్టు దగ్గర అందుకే కలుస్తలేదు, చూడు."

దయాకర్ చూశాడు. కలవలేదు. "ఇరిగి ఉంటది."

"ఏమయ్యా, నీ భాషల చెప్పు."

నేను ముందుకొచ్చాను. వేలు వంగే కీలు దగ్గర మనిషి ఎముక కొస గుండ్రంగా, గోళీలా ఉంటుంది. అటూ ఇటూ తిరుగుతుంది. దీని కొస మీద గట్టు తీసి ఉంది. ముందుకూ వెనక్కూ తప్ప పక్కకు పోకుండా గాడిలో నడిచే పనితనం. "సార్, ముప్పై ఏళ్లు గాడి కోసినవాణ్ని. ఇది పట్టుకోవడానికి చేసిన చెయ్యి కాదు. నడవడానికి చేసింది," అన్నాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకు నేను మరో ముప్పై ఏళ్లు లేత్ తిప్పగలను.

"భుజం పలకలు రెండున్నయి," అంది ఆవిడ. "కాలర్ బోన్ ఏది? ఒక్కటన్న చూపియ్యి."

"మట్టిల పోయి ఉంటది."

"మట్టిల పోయినయన్నీ తెచ్చిన. అండ్ల కాలర్ బోన్ లేదు, ఇవి ఉన్నయి." నాలుగు వంకర ఎముకలు బల్ల మీద పెట్టింది. "గోర్ల లోపలి బొక్కలు. ఇంత పొడుగు గోర్లు బాలరాజుకున్నయా?"

చుట్టూ ఉన్న కానిస్టేబుళ్లు మెడలు చాచారు. దయాకర్ ముఖం ఎర్రబడింది. "అయితే ఏంది ఇది?"

"గుడ్డెలుగు. ముసలి ఎలుగుబంటి. వెన్నుపూసలు అరిగిపోయి ఒకదానికొకటి అతుక్కున్నయి. ఇంత నొప్పితోని అడివిల ఒక్క నెల బతకది. అతుక్కునేదాక బతికిందంటే ఎవరో కూసోవెట్టి తినిపించిన్రు. చచ్చినంక తెల్లగుడ్డల చుట్టి, ఉప్పు పోసి, తూర్పుకు కాళ్లు పెట్టి మట్టి చేసిన్రు. మనిషికి చేసినట్టే చేసిన్రు, నువ్వన్నది నిజమే. మనిషికే చేసిన్రని అనుకున్నవు చూడు, అక్కడ తప్పినవ్." ఉప్పు కవరు కూడా పక్కన పెట్టి తేదీ చూపించింది.

దయాకర్ కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఓడిపోయాడని నేను సంబరపడుతుంటే తలెత్తాడు. "సరే మేడం. మర్డర్ కాదు. మరి బాలరాజు ఏడి? మనిషి కనబడలె, మోషే నోరు తెరువడు. ఎలుగుబంటిని దాసిపెట్టుడు సుత చిన్న నేరమేం కాదు, ఏండ్లకేండ్లు లోపలుంటడు. బాలరాజును నా ముందర నిలబెట్టుండ్రి, ఆలోచిస్త. లేకుంటే మోషే నాలుగింటికి కోర్టుకే."

"ఎలుగుబంటిని చంపినోనికీ, కడదాక సాకినోనికీ ఒక్కటే శిక్షనా?"

"చట్టం బొక్కలను తడిమి చూడది మేడం."

ఆవిడ బయటికి నడిచింది. స్కూటర్ స్టార్ట్ చేశాక నా వీపు మీద తల ఆనించింది. అలిసిపోతే తప్ప అలా చేయదు.

"ఫైల్ల ఏం చూసినవే?" అని అడిగాను.

"బాలరాజు తండ్రి పని. గుడ్డెలుగును ఆడించుడు అని రాసుంది. సర్కారు ఆ ఆటలు బందు పెట్టి ఎలుగుబంట్లను అప్పజెప్పమన్న తర్వాతనే వీడు మాయమైండు." నా భుజం తట్టింది. "చెదపుట్టను చీల్చి తినేది గుడ్డెలుగే. ఎప్పుడో చచ్చింది నిన్న మొన్న పుట్ట తవ్వదు కదయ్యా."

మూడూ ఇరవై. సువార్తమ్మ మమ్మల్ని చూడగానే రొంటిన ఉన్న తాళంచెవి తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది. బాయిలర్ గది తాళం తీసి తలుపు నెట్టాం. లోపల గడ్డి పరిచి ఉంది, నీళ్ల తొట్టి ఉంది. గోడకు ఆనుకుని ముప్పై ఏళ్లవాడొకడు కూర్చుని ఉన్నాడు. వాడి ఒళ్లో తల పెట్టుకుని నల్లటి ఎలుగుబంటి పడుకుని ఉంది. మూతి నెరిసిపోయింది. కళ్లలో పొర. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. మా ఆవిడ మాత్రం, కూతురి ఇంటికి వచ్చినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లింది.

"బాలరాజూ, నీ పేరు మీద మోషే జైలుకు పోతుండు."

వాడికి ఏమీ తెలియదు. తెల్లవారకముందు ఎలుగుబంటిని పుట్టల దాకా తిప్పడం తప్ప బయటి లోకంతో పనిలేదు. జావ తెచ్చిన సువార్తమ్మ ఒక్క మాటా చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది విని వాడు తల గోడకేసి కొట్టుకున్నాడు.

"నేను సచ్చిన్ననుకుంటున్రా? నా కోసం మోషే మామ ఉరికి పోతడా? అమ్మా, ఇది లచ్చి. సచ్చింది దీని జోడు, మల్లిగాడు. కృప చిన్నగున్నప్పుడు దడుపు జ్వరమొచ్చి మాట పడిపోతే మల్లిగాని మీద ఎక్కించిన్రు. దిగంగనే అమ్మా అన్నది. అప్పటిసంది మామకు వాడు ఇంటి మనిషే. వాడు సచ్చిననాడు తన పెండ్లి దుప్పటి తెచ్చి చుట్టిండు."

"దాని పండ్లు పీకిందెవరు? ముక్కుకు బెజ్జం పెట్టిందెవరు?" మా ఆవిడ గొంతు కటువైంది. ఎముకలతో ఎంత మెత్తనో, ఎముకలకు నొప్పి చేసినవాళ్లతో అంత కఠినం.

"మా నాయిన. పాపమే అమ్మా. ఆయన పోయిన దినమే ముక్కుతాడు కోసేసిన. ఆటలన్నీ మరిపించిన. ఒక్కటి మాత్రం..."

"అప్పజెప్తే ఏమైతుండె? అక్కడ డాక్టర్లుంటరు, తోటుంటది, తేనె పెడ్తరు."

"నన్ను లోపలేస్తరు. నేను లేకుంటే ఇది తినది. ఒక్క దినం ఉండి చూసిన, ముద్ద ముట్టలె. గుడ్డిది, నా వాసనే దానికి కండ్లు." చేత్తో కళ్లు తుడుచుకుని లేచాడు. మెత్తటి గుడ్డతాడు దాని మెడకు వదులుగా వేశాడు. "పోదాం అమ్మా. మామను ఇడిపిద్దాం. దీన్ని ఒంటిగ ఇడిసి మాత్రం నేను రాను."

మూడూ నలభై ఐదు. నలుగురం, ఒక ఎలుగుబంటి, గేటు వైపు నడుస్తున్నాం. అది అడుగు తీసి అడుగు వేస్తోంది. సువార్తమ్మ పక్కన నడుస్తూ బెల్లం ముక్క వాసన చూపిస్తోంది. మేము గేటు దాటకముందే జీపు వచ్చి ఆగింది. మా ఆవిడ ఏదో దాస్తోందని దయాకర్ వెంట వచ్చాడు. రైఫిల్‌తో ఇద్దరు కానిస్టేబుళ్లు దిగారు. బూట్లు టకటకలాడాయి.

లచ్చి చెవులు నిక్కాయి. ముక్కు పైకెత్తింది. ఒక్కసారిగా వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. ఆరడుగుల నల్లటి దేహం. ముందరి కుడి పంజా పైకి లేచింది.

"సార్!" అని కానిస్టేబుల్ రైఫిల్ ఎత్తాడు. దయాకర్ చెయ్యి పిస్తోలు మీద పడింది.

మా ఆవిడ పరుగున వెళ్లి తుపాకులకు అడ్డంగా నిలబడింది. నేను ఎప్పుడు వెళ్లానో తెలియదు, ఆవిడ పక్కన ఉన్నాను. ఎలుగుబంటి ఊపిరి నా మెడ మీద వేడిగా తగులుతోంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"కాల్చకుండ్రి సారూ!" బాలరాజు గొంతు చిరిగిపోయింది. "అది మీదికొస్త లేదు. బూట్ల సప్పుడింటే పోలీసోళ్లకు సలాం పెట్టాలెనని మా నాయిన నేర్పిండు. అదొక్కటే మరువలె."

లచ్చి కదల్లేదు. పంజా నుదుటి దగ్గర ఆనించి, నెరిసిన మూతి పైకెత్తి, కనపడని సారుకు సలాం పెట్టి నిలబడింది. అరిగిన నడుము వణుకుతోంది. సారు జవాబిచ్చేదాకా దించకూడదని నేర్పినట్టున్నారు.

రైఫిల్ కిందికి దిగింది. దయాకర్ చెయ్యి పిస్తోలు మీద నుంచి లేచి, ఎటు పోవాలో తెలియక కాసేపు గాల్లో ఆగింది. తర్వాత మెల్లగా టోపీ దగ్గరికి వెళ్లింది. బూట్లు ఒకసారి టక్కుమన్నాయి.

లచ్చి నాలుగు కాళ్ల మీదికి దిగి బాలరాజు తొడకు మూతి రుద్దుకుంది.

దయాకర్ మా ఎవరి ముఖమూ చూడకుండా ఫోన్ తీసి స్టేషన్‌కు కలిపాడు. "ఆ మోషే కాగితాలు ఆపుండ్రి. ఇంటికి పంపియ్యిండ్రి. అవును, ఇప్పుడే." అటువైపు ఏదో అడిగినట్టున్నారు. బాలరాజును, తాడును, తాడు చివరనున్న దాన్ని ఒకసారి చూశాడు.

"సచ్చినోడు నడుచుకుంట స్టేషన్‌కొస్తుండు," అన్నాడు. "బయట పెద్ద తొట్టిల నీళ్లు పెట్టుండ్రి."